నట్టింట్లో కిక్‌బాక్సింగ్

1999 జులైలో ‘తమ్ముడు’ సినిమా వచ్చింది. అల్లరిగా తిరిగే కాలేజీ కుర్రాడు అన్న కోసం కిక్‌బాక్సింగ్ పోటీకి తయారవడం అందులో కథ. తెలుగునాట ఎంతోమందికి ఆ ఆట పేరు అలాగే పరిచయమైంది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో కథానాయకుడూ కిక్‌బాక్సరే. మనం తెర మీద ఆ పోట్లాటలు చూస్తున్న రోజుల్లోనే అమెరికాలో లక్షలాది మంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇంట్లో టీవీ ముందు నిలబడి, ఎదుట ప్రత్యర్థి లేకుండానే పాట తాళానికి గాలిలో పిడికిళ్లు విసురుతున్నారు. కరాటే ఛాంపియన్ బిల్లీ బ్లాంక్స్ టైక్వాండో తన్నులనూ బాక్సింగ్ గుద్దులనూ కలిపి తయారుచేసిన ‘టే బో’ వీడియో క్యాసెట్లు అప్పుడు అక్కడ విపరీతంగా అమ్ముడుపోయాయి. అదే 1999లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి లెస్ మిల్స్ సంస్థ ‘బాడీ కంబాట్’ అనే తరగతిని తెచ్చింది.

ఆ వ్యాయామం ఇప్పుడు మన హాల్లోకీ వచ్చింది. 2020లో లాక్‌డౌన్‌కు జిమ్‌లు మూతపడ్డప్పుడు ఫోన్‌లో వీడియో పెట్టుకుని మొదలుపెట్టినవాళ్లు, జిమ్‌లు తెరిచాక కూడా ఇంట్లోనే కొనసాగించినవాళ్లు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ డాలస్‌లోనూ ఉన్నారు. ఫీజు లేదు, ప్రయాణం లేదు, ఎవరైనా చూస్తారన్న బెరుకు లేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే. ముందే కూర్చిన వరస ప్రకారం, సంగీతానికి తగ్గట్టు, గురువు పక్కన లేకుండా ఇంట్లో చేసే ఈ కిక్‌బాక్సింగ్ గుండెకూ ఊపిరితిత్తులకూ సరిపోయే వ్యాయామమేనా?

నా జవాబు ముందే చెబుతాను. సరిపోతుంది, ఆ వరసను నిజంగా నేర్చుకుంటే. రోజుకో కొత్త వీడియో వెంట పరుగెత్తేవాళ్లకు దీని మేలు సగమే అందుతుంది, దెబ్బ తగిలే అవకాశం మాత్రం పెరుగుతుంది. ఎందుకంటున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

రెండు పాయలు

కిక్‌బాక్సింగ్ అనే పోటీ ఆట 1960ల్లో జపాన్‌లో రూపుకట్టింది. థాయిలాండ్ వాళ్ల మువాయ్ థాయ్ చూసి ముగ్ధుడైన ఒసాము నొగుచి అనే బాక్సింగ్ ప్రమోటర్ దానికి ఆ పేరు పెట్టి పోటీలు నడిపాడు. కరాటే వాళ్లు అందులోకి దిగారు. 1970ల్లో అమెరికాలో ఫుల్ కాంటాక్ట్ కరాటే పేరుతో మరో శాఖ పుట్టింది. ఇది పోరాట విద్యల పాయ.

రెండోది ఏరోబిక్స్ పాయ. అమెరికా వైమానిక దళంలో వైద్యుడైన కెనెత్ కూపర్ 1968లో ‘ఏరోబిక్స్’ అనే పుస్తకం రాశాడు. గుండె, ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను ఎంత బాగా వాడుకుంటే ఆరోగ్యం అంత గట్టిదని, దాన్ని కొలవొచ్చని, పెంచుకోవచ్చని సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పింది ఆ పుస్తకమే. 1982లో జేన్ ఫోండా వీడియో క్యాసెట్‌తో వ్యాయామం స్టూడియో వదిలి ఇంట్లోకి నడిచింది. టీవీలో ఒకరు చేస్తుంటే చూస్తూ మనమూ చేయడమన్న అలవాటు అక్కణ్నుంచి బలపడింది. బ్లాంక్స్ ఈ రెండు పాయలనూ కలిపాడు. నృత్యం లాంటి స్టెప్పులంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా గుద్దు, తన్ను అనేసరికి ముందుకొచ్చారు.

కదలికలను వరసగా కూర్చడం పోరాట విద్యలకు కొత్తేమీ కాదు. కరాటేలో ‘కటా’ అంటే అదే. ఎదుట ఎవరో ఉన్నట్టు ఊహించుకుని, మారని క్రమంలో దెబ్బలు, అడ్డుకోవడాలు, అడుగులు వేసుకుంటూ పోవడం. మన ఊళ్లలో సాయంత్రం పూట స్కూలు మైదానాల్లో తెల్ల దుస్తులు వేసుకుని పిల్లలు చేసేది చాలావరకు అదే. కటాలో మాస్టారు పక్కన నిలబడి పాదం తిప్పలేదని, పిడికిలి వంగిందని దిద్దుతారు. ఇంట్లో ఆ దిద్దుబాటు లేదు. ఈ వ్యాసంలో నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ లోటు గురించే.

కొలిచి చూస్తే

1990ల చివర్లో ప్రకటనలు గంటకు 500 నుంచి 800 క్యాలరీలు కరుగుతాయని చెప్పేవి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ అనే సంస్థ 1999లో మిసిసిపీ విశ్వవిద్యాలయం పరిశోధకుల చేత కొలిపించింది. గంటకు 350 నుంచి 450 అని తేలింది. ప్రచారం కన్నా తక్కువే. అయితే అదే పరీక్షలో ఇంకో విషయం బయటపడింది: చేసేవాళ్ల గుండె వేగం తమ గరిష్ఠంలో 75 నుంచి 85 శాతం దాకా వెళ్లింది. గుండె సామర్థ్యం పెరగడానికి కావలసిన స్థాయి అదే. అసలు వార్త అది. క్యాలరీల లెక్కలో పడి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కిక్‌బాక్సింగ్ సాధన మీద 2014లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఐదు వారాల పాటు, వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున సాధన చేసినవాళ్లలో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం, చురుకుదనం, శరీరం వంగే గుణం మెరుగయ్యాయి. వాళ్లు చేసింది తరగతిలో నేర్పిన కిక్‌బాక్సింగ్. హాల్లో చేసే వీడియోకు ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టలేం. దిశ మాత్రం తెలుస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం. దానికి తోడు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. గుద్దుతూ తన్నుతూ సరిగ్గా చేసే వరస తీవ్ర వ్యాయామం కిందికే వస్తుంది. అంటే వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చేస్తే 90 నిమిషాలు. అంతర్జాతీయ ప్రమాణం అందుకున్నట్టే. ఇది తక్కువ విషయం కాదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతం కావలసినంత కదలడం లేదు. రోజంతా వంటింట్లో నిలబడే ఉంటాం కదా, ఇంకా వ్యాయామం దేనికి అని అడిగే తల్లులందరికీ నేను చెప్పదలచుకున్నది ఇదే: నిలబడితే కాళ్లు నొప్పులు పుడతాయి గానీ గుండె వేగం పెద్దగా పెరగదు. గుండెకు ఆయాసం కావాలి.

ఆయాసం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి స్మార్ట్ గడియారాలను ఎక్కువగా నమ్మకండి. చేతులు వేగంగా విసిరే వ్యాయామంలో మణికట్టు మీది సెన్సర్ తప్పు చూపించే అవకాశం ఎక్కువ. అదొక్కటే కాదు. కాళ్లతో చేసే పని కన్నా చేతులతో చేసే పనికి, అదే ఆక్సిజన్ ఖర్చుకు, గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. చేతులు భుజాల ఎత్తున పెట్టుకుని గుద్దులు మాత్రమే గుద్దితే అంకె పైకి పోతుంది గానీ ఖర్చయిన శక్తి అంత ఉండదు. అందువల్ల గడియారం చూపించే క్యాలరీలు నిజం కన్నా పెద్దవిగా ఉండొచ్చు. గుండె వేగం అంచనాకు ఒక లెక్క ఉంది: 208 లోంచి వయసులో పదింట ఏడొంతులు తీసేయాలి. నలభై ఏళ్లవారికి గరిష్ఠం 180. అందులో 75 నుంచి 85 శాతం అంటే 135 నుంచి 153. ఇది కూడా సగటే, మనిషి మనిషికీ మారుతుంది. దీనికన్నా పాత పద్ధతి మేలు. వరస మధ్యలో ఎవరైనా పలకరిస్తే రెండు మూడు మాటలకు మించి చెప్పలేకపోతే తీవ్రంగా చేస్తున్నట్టు. పూర్తి వాక్యం చెప్పగలిగి, పాట పాడలేకపోతే ఓ మోస్తరు. పాట కూడా పాడగలిగితే ఇంకాస్త ఊపు కావాలి.

బరువు సంగతి కూడా ఇక్కడే తేల్చేయాలి. అరగంటకు 200 క్యాలరీలు అనుకుంటే మూడు రోజులకు 600. కిలో కొవ్వులో ఉండే శక్తి సుమారు 7,700 క్యాలరీలు. తిండి మారకపోతే కిలో తగ్గడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. బరువు కోసమే మొదలుపెట్టినవాళ్లు నెల తిరగ్గానే మానేయడానికి కారణం ఈ లెక్కే. తూకం కాదు, నాడి చూసుకోండి. పొద్దున లేవగానే మంచం మీదే ఒక నిమిషం లెక్కపెడితే చాలు. వారాలు గడిచేకొద్దీ అది తగ్గుతుంటే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తున్నట్టు.

వరసలో ఉన్న బలం

ఇలాంటి వ్యాయామాలు పాట తాళంలో ఎనిమిది కొట్ల (బీట్ల) లెక్కతో నడుస్తాయి. నాలుగు ఎనిమిదులు కలిస్తే 32 కొట్ల ఒక భాగం. జాబ్, క్రాస్, హుక్, అప్పర్‌కట్ అనే నాలుగు గుద్దులు, మోకాలి దెబ్బ, ముందుకు తన్ను, పక్కకు తన్ను, చుట్టూ తిప్పి తన్నే రౌండ్‌హౌస్, వీటి మధ్య అడుగులు, తల వంచి తప్పుకోవడాలు. ఆ భాగం ఒకవైపు పూర్తికాగానే ఇంకోవైపు మొదలవుతుంది. బరిలో బాక్సర్ సాధారణంగా ఒకే కాలు ముందు పెట్టి నిలబడతాడు, వరసలో అలా కుదరదు. కుడిచేతివాటం వాళ్లు కూడా ఎడమచేత్తో క్రాస్ కొట్టడం నేర్చుకోవాల్సిందే. రెండు పక్కలకూ పని సమానంగా పడుతుంది.

మంచి వరసలో ఊపు తగ్గించే చోట్లు, పెంచే చోట్లు ముందే ఆలోచించి పెడతారు. బాడీ కంబాట్ తరగతి 55 నిమిషాలు. పాటల వారీగా విడదీసి ఉంటుంది. ఒక పాటలో తన్నులు, తర్వాతి పాటలో ఆగకుండా గుద్దులు, మళ్లీ కాస్త నెమ్మది, ఒక పాట నిండా మువాయ్ థాయ్ మోకాళ్లు, మోచేతులు, చివర పొట్ట కండరాలకు పని, సాగదీత. గుండె వేగం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. గడియారం చూసుకుంటూ ట్రెడ్‌మిల్ మీద మన ఇష్టానికి వేగం మార్చుకునేటప్పుడు ఆ క్రమశిక్షణ ఉండదు. అలిసిపోతే తగ్గించేస్తాం. వరస మనల్ని తగ్గించనివ్వదు.

ఇంకో మేలు ఉంది. తర్వాతి అడుగు ఏమిటో గుర్తుపెట్టుకునే పనిలో మనసు ఉంటే ఆయాసం మీద ధ్యాస తగ్గుతుంది. ఇరవై నిమిషాలు నడవడానికే విసుక్కునేవాళ్లు నలభై నిమిషాలు గుద్దుతూ ఉండిపోవడం దీనివల్లే. వ్యాయామం ఏదైనా అసలు చిక్కు రేపు మళ్లీ చేయడమే. ఆ చిక్కును విప్పడంలో ఈ వరసలది పెద్ద చేయి.

ఇక్కడే నేను రోజుకో వీడియోను ఎందుకు వ్యతిరేకిస్తున్నానో చెప్పాలి. టే బో క్యాసెట్ కొన్నవాళ్ల దగ్గర రెండో మూడో క్యాసెట్లుండేవి. గత్యంతరం లేక అదే వరస నెలల తరబడి చేశారు. లెస్ మిల్స్ వాళ్లు కొత్త వరసను మూడు నెలలకోసారి విడుదల చేస్తారు. ఆ మధ్య వారాల్లో అదే మళ్లీ మళ్లీ చేయిస్తారు. దాని ఫలితం గమనించదగ్గది. మొదటి వారం బుర్ర అంతా అడుగుల మీదే ఉంటుంది. ఆగుతూ, తడబడుతూ, సగం కదలికలు వదిలేస్తూ చేస్తాం. మూడో వారానికి ఒంటికి వరస తెలుస్తుంది. అప్పుడు తన్ను పూర్తిగా తన్నగలం, గుద్దులో నడుము తిప్పగలం. అసలు ఆయాసం అప్పుడు మొదలవుతుంది. ఎన్నో వారాల తర్వాత ఒళ్లు మరీ అలవాటుపడి తేలిగ్గా చేసేస్తుంటే అప్పుడు మార్చాలి. ఇప్పుడు ఫోన్‌లో వేల వీడియోలున్నాయి. రోజుకొకటి మార్చేవాళ్లు ఎప్పటికీ మొదటి వారంలోనే ఉంటారు.

నేర్చుకునే పద్ధతి మనకు తెలియనిది కాదు. సంగీతం నేర్చుకునేవాళ్లు సరళీస్వరాలు మొదటి కాలంలో, తర్వాత రెండో కాలంలో, ఆ తర్వాతే మూడో కాలంలో సాధన చేస్తారు. ఇక్కడా అంతే చేయాలి. ఈ వ్యాయామాల పాటలు సాధారణంగా నిమిషానికి 125 నుంచి 140 కొట్ల మధ్య ఉంటాయి, కొన్ని ఇంకా పైకి పోతాయి. 140 అయితే ఒక్కో కొట్టుకు సెకనులో సగం కూడా ఉండదు. రెండు కొట్లలో ఒక రౌండ్‌హౌస్ అంటే మోకాలు ఎత్తి, నడుము తిప్పి, కాలు చాచి, మడిచి, కింద పెట్టడానికి 0.86 సెకను. తెలిసినవాళ్లకే అది ఇరుకు. తెలియనివాళ్లు నడుము తిప్పడం మానేసి కాలు మాత్రం విసురుతారు. వీడియో వేగాన్ని 0.75కు తగ్గించే సదుపాయం ఫోన్‌లో ఉంది. 140 కొట్ల పాట అప్పుడు 105 అవుతుంది. పాట సాగదీసినట్టు వినిపిస్తుంది, పర్వాలేదు. మొదటి వారం అలాగే చేయండి. ఎదుట ఉన్న శిక్షకుడు మనవైపు తిరిగి ఉన్నప్పుడు అద్దంలో బొమ్మలా చేస్తున్నాడో, తన ఎడమను ఎడమే అంటున్నాడో ముందు చూసుకోవాలి. కుడి ఎడమల గందరగోళంలో సగం అక్కడే తీరిపోతుంది.

నేల, పాదం, మోకాలు

2003లో అమెరికాలో ఫిట్‌నెస్ కిక్‌బాక్సింగ్ చేసేవాళ్లనూ నేర్పేవాళ్లనూ అడిగి తెలుసుకున్న ఒక సర్వేలో పదిమందిలో దాదాపు ముగ్గురు ఏదో ఒక దెబ్బ తగిలిందని చెప్పారు. నడుము, మోకాళ్లు, తుంటి, భుజాలు. ఎవరూ ఎవరినీ కొట్టని ఆటలో ఇన్ని దెబ్బలెందుకు?

మొదటి కారణం, గుద్దడానికి వేలాడే సంచి (పంచింగ్ బ్యాగ్) లేకపోవడం. బరువైన సంచిని గుద్దితే పిడికిలి వేగాన్ని సంచి ఆపుతుంది. గాలిలో గుద్దితే ఆపాల్సింది మన కండరాలే. అవి ఆపలేకపోతే మోచేయి చివరిదాకా వెళ్లి కీలు దగ్గర కొట్టుకుంటుంది. తన్నులో మోకాలిదీ అదే కథ. అందుకే చేయీ కాలూ ఎప్పుడూ పూర్తిగా చాచకూడదు, చివర కొంచెం వంపు మిగలాలి. చేతుల్లో డంబెల్స్ పట్టుకుని గుద్దడం ఇంకా చెడ్డది. బరువు పెరిగితే ఆపడం ఇంకా కష్టం, భుజానికీ మోచేతికీ చేటు.

రెండోది పాదం. రౌండ్‌హౌస్ తన్నేటప్పుడు నేల మీది కాలు మునివేళ్ల మీద తిరగాలి, మడమ తన్నే దిక్కుకు రావాలి. ఆ పాదం తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. ఇక్కడ మన ఇళ్ల నేలలు రెండు విధాలుగా ఇబ్బంది పెడతాయి. గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్ గట్టివి, చెమట చుక్క పడితే జారుతాయి. జారకుండా యోగా మ్యాట్ వేసుకుంటే అది పాదాన్ని పట్టేస్తుంది, తిరగనివ్వదు. ఆసనాలకు మంచిదే గానీ తన్నులకు అది మోకాలికి శత్రువు. మెత్తటి ఫోమ్ పలకలు కూడా చీలమండను ఊగిస్తాయి. గట్టి రబ్బరు మ్యాట్ మీద, అడుగు పల్చగా, పక్కలకు ఒరగని షూ వేసుకుని చేయడం మేలు. షటిల్ ఆడే షూ బాగా పనికొస్తాయి. మడమ ఎత్తుగా ఉండే రన్నింగ్ షూ ముందుకు పరుగెత్తడానికి తయారైనవి, పక్కకు అడుగేస్తే ఒరుగుతాయి.

తన్ను ఎత్తు గురించి ఎవరూ పోటీ పడొద్దు. శిక్షకుడి కాలు అతని తలదాకా వెళ్తుంది. మీది మీ మోకాలి ఎత్తుకు వెళ్తే చాలు. ఎత్తు కోసం నడుము వెనక్కి వంచితే వెన్ను దెబ్బతింటుంది, గుండెకు ఒక్క కొట్టు కూడా అదనంగా రాదు. ఇంట్లో అద్దం లేకపోతే ఫోన్ నిలబెట్టి ఒకసారి వీడియో తీసుకోండి. గురువు లేని లోటు కొంతైనా తీర్చేది అదే. పైకి ఎత్తిన మోకాలు నడుము కన్నా ముందు కదులుతోందా, నేల మీది మడమ తిరిగిందా, గుద్దుతున్న చేయి పోయాక రెండో చేయి గడ్డం దగ్గరే ఉందా అన్న మూడు సంగతులు చూసుకుంటే చాలా దోషాలు దొరుకుతాయి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే కింద ఫ్లాట్ వాళ్లనూ తలచుకోవాలి. ఎగరాల్సిన ప్రతిచోటా ఒక కాలి తర్వాత ఒక కాలు వేసి అడుగులు మార్చొచ్చు. ఆయాసం పెద్దగా తగ్గదు, మోకాళ్లకూ మంచిదే. ఎండాకాలం మాట వేరే చెప్పాలి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజాము దాటితే గది పొయ్యి అవుతుంది. విశాఖలో ఉక్కపోతకు చెమట ఆరదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి అదే పనికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అంకె పెరిగింది కాబట్టి ఎక్కువ మేలు జరిగిందనుకోకూడదు. ఆ నెలల్లో సమయం తగ్గించి, మధ్యలో నీళ్లు తాగి, తర్వాత ఉప్పేసిన మజ్జిగ తాగడం తెలివైన పని.

ఎవరు ముందు డాక్టర్‌ను అడగాలి

మన ఇళ్లలో నలభై దాటినవాళ్లలో బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. బీపీకో గుండెకో మెటాప్రొలాల్, ఎటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే గుండె వేగం మందుల వల్లే తగ్గి ఉంటుంది. వయసు లెక్కతో వచ్చిన అంకె వాళ్లకు వర్తించదు, ఆయాసాన్ని బట్టే పోవాలి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్లకు తీవ్ర వ్యాయామం వల్ల చక్కెర మరీ పడిపోవచ్చు. పరగడుపున మొదలుపెట్టకూడదు, చేతికి అందేలా బెల్లం ముక్కో చక్కెరో పెట్టుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు షూ లేకుండా చేయొద్దు. షుగర్ వల్ల కంటి లోపల రక్తనాళాలు దెబ్బతిన్నాయని డాక్టర్ చెప్పి ఉంటే ఎగరడాలు, తల ఊపడాలు అడగకుండా చేయొద్దు.

ప్రసవమైన ఆడవాళ్ల విషయం ఎవరూ నోరు తెరిచి చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఎగిరినప్పుడో గట్టిగా తన్నినప్పుడో మూత్రం చుక్కలు పడటం చాలామందికి ఉంటుంది. సిగ్గుపడి వ్యాయామమే మానేస్తారు. కటి కింది కండరాలు బలహీనపడటం దానికి కారణం, సరైన వ్యాయామంతో అది బాగుపడుతుంది. ప్రసవమయ్యాక కనీసం మూడు నెలల దాకా ఎగరడాలు వద్దు. ఆ తర్వాత కూడా ఇబ్బంది ఉంటే ఫిజియోథెరపిస్టును కలవాలి. వరసను ఎగరకుండా చేసుకోవచ్చు, గుండెకు నష్టం లేదు.

చేస్తుండగా ఛాతీ పట్టేసినట్టున్నా, ఎడమ చేయి, దవడ లాగినా, కళ్లు తిరిగినా ఆపేయాలి. వీడియో పూర్తి చేద్దామన్న పట్టుదల ఆ క్షణంలో పనికిరాదు. తీవ్రంగా చేసి ఉన్నట్టుండి కూర్చోవద్దు కూడా. కాళ్లలో నిలిచిన రక్తం తిరిగి రావడానికి నాలుగైదు నిమిషాలు నడవాలి. ఆ నడకలో మొదటి నిమిషంలోనే నాడి పన్నెండు కొట్ల కన్నా ఎక్కువే తగ్గాలి. 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం పన్నెండూ, అంతకన్నా తక్కువా తగ్గితే ప్రమాద సూచనగా చూడాలంది.

వయసు మళ్లినవాళ్లకు ఇది తగదని మాత్రం అనుకోవద్దు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల కోసం 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మొదలైన ‘రాక్ స్టెడీ బాక్సింగ్’ వాళ్లు దెబ్బలు తగలని బాక్సింగ్ సాధనే చేయిస్తారు. తూలిపోకుండా నిలబడటం, అడుగు మార్చడం, క్రమం గుర్తుపెట్టుకోవడం పెద్దవాళ్లకే ఎక్కువ అవసరం. కుర్చీ వీపు పట్టుకుని తన్నులు, కుర్చీలో కూర్చుని గుద్దులు మొదలుపెట్టొచ్చు.

ఇది ఇవ్వలేనివి

ఆత్మరక్షణ నేర్పదు. అమ్మాయిలకు ఇది ఆత్మరక్షణ విద్యగా అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ఎదుటి మనిషి దూరం, బరువు, భయం ఏవీ ఇందులో ఉండవు. నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లోనూ 2023లోనూ బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ కూడా సాధనలో గాలిలో గుద్దులు గుద్దే ఉంటుంది. బాక్సర్లందరికీ అది నిత్యకృత్యం. కానీ అది వాళ్ల సాధనలో ఒక చిన్న భాగం. ఆత్మరక్షణ కావాలంటే ఎదుట మనిషిని నిలబెట్టి నేర్పే మాస్టారు దగ్గరికి వెళ్లాలి.

కండబలం పూర్తిగా ఇవ్వదు. గుద్దు అంటే తోయడం. లాగే పని ఈ వరసల్లో ఎక్కడా లేదు. నెలల తరబడి ఇదొక్కటే చేస్తే భుజాలు ముందుకు వంగే అవకాశం ఉంది, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఇంకా ఎక్కువ. వారానికి రెండు రోజులు రబ్బరు బ్యాండ్ కిటికీ ఊచకు కట్టి వెనక్కి లాగండి. నీళ్ల డబ్బా ఎత్తి దించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఆ రెండు రోజుల పని దీంతో తీరుతుంది.

కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చేసే వర్చువల్ రియాలిటీ రకాలు కూడా ఇప్పుడున్నాయి, బాడీ కంబాట్‌కే 2022లో ఒకటి వచ్చింది. వాటిలో పని చాలావరకు చేతులతోనే. పరికరం ఖరీదు ఎక్కువ. ఇంటిల్లిపాదీ ఒకే టీవీ ముందు నిలబడి చేసే అవకాశం పోతుంది. నాకు అవి తప్పనిసరిగా అనిపించలేదు.

వీడియో ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు చూస్తే చాలు. మొదటి ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించడానికి కేటాయించారా? కొత్త కదలికను ముందు నెమ్మదిగా చూపిస్తున్నారా? ఎగరలేనివాళ్లకు వేరే మార్గం చూపించే మనిషి తెర మీద ఉన్నారా? చివర సాగదీత ఉందా? ఈ నాలుగూ లేని వీడియో ఎంత పేరున్న వాళ్లదైనా వదిలేయండి. సూచనలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి, అమ్మకో అత్తయ్యకో ఇబ్బందైతే మొదటి వారం పక్కన నిలబడి మీరే తెలుగులో చెప్పండి.

ఒక వీడియో ఎంచుకోండి. మొదటి వారం 0.75 వేగంతో, ఎగరకుండా. రెండో వారం పూర్తి వేగంతో. తర్వాత నెల రోజులు అదే వీడియో, వారానికి మూడుసార్లు, రోజు విడిచి రోజు. మొదలుపెట్టే ముందు రోజు పొద్దున నాడి ఎంత ఉందో, మూడు అంతస్తుల మెట్లు ఎక్కితే ఎంత ఆయాసం వచ్చిందో గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఆరో వారం చివర మళ్లీ అవే చూసుకోండి. అప్పటిదాకా కొత్త వీడియో వెతక్కండి.